పిలాతు మీద చారిత్రక నవల: అతన్ని క్రూరుడిగా చూపాలా, నిస్సహాయుడిగా చూపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పొంతి పిలాతు ప్రధాన పాత్రగా మీరు తెలుగులో ఒక నవల మొదలుపెట్టారు. సువార్తల్లో చూస్తే అతను యేసును వదిలేయాలనుకుని కూడా ధైర్యం చాలక లొంగిపోయిన మనిషి. ఆనాటి యూదు రచయితల్ని చదివితే కనికరం లేని అధికారి. ఇందులో ఏది నిజం, కల్పనకు ఎంత చోటుంది, విశ్వాసుల మనసు నొప్పించకుండా రాయగలనా అని అడిగారు.

ముందే సూటిగా చెబుతాను. ఆ రెండు ముఖాలూ ఒకే మనిషివి, వాటిని కలిపేది అతని ఉద్యోగం. కాబట్టి పిలాతు మంచివాడా చెడ్డవాడా అన్న ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. అతను ఎవరికి జవాబు చెప్పుకోవాలి, చేతికింద ఎంతమంది సైనికులున్నారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎవరి సాయం లేకపోతే అతని పని ఆగిపోతుంది అన్నవి తెలుసుకోండి. అవి తెలిశాక అతను ఒకరోజు ఎందుకు వెనక్కి తగ్గాడో, ఇంకోరోజు ఎందుకు చంపించాడో మీరే రాయగలుగుతారు.

నేను సంఘ చరిత్ర బోధిస్తూ, బైబిలు కాలం నేపథ్యంగా కథలు రాస్తూ, కొత్తగా రాసేవాళ్ల రాతప్రతులు చదువుతూ చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పిలాతు మీద వచ్చే రాతప్రతులు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. మొదటి అధ్యాయంలోనే రచయిత తీర్పు ఇచ్చేసి ఉంటారు. పిలాతు బానిసను కొరడాతో కొడుతూనో, కిటికీ దగ్గర నిలబడి సత్యం గురించి మథనపడుతూనో మనకు పరిచయమవుతాడు. ఆ తర్వాత మూడు వందల పేజీలు చదివినా అతని గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

ముందు పదవి సంగతి చూద్దాం. రోము సామ్రాజ్యంలో పిలాతు పెద్ద అధికారి కాదు. సిరియాలాంటి పెద్ద ప్రాంతాలకు సెనేటర్లను పంపేవాళ్లు, వాళ్ల కింద లెజియన్లు, అంటే వేలమంది రోమన్ సైనికులుండే పెద్ద దళాలు, ఉండేవి. యెరూషలేము ఉన్న యూదయ చిన్న ప్రాంతం, గొడవలు మాత్రం ఎక్కువ. అక్కడ ఏలుతున్న హేరోదు రాజు కొడుకు అర్కెలాయును తొలగించి క్రీ.శ. 6లో దాన్ని నేరుగా తమ పాలన కిందికి తెచ్చుకున్నాక, సెనేటర్ల తర్వాతి వర్గమైన ఈక్వెస్ట్రియన్లలోంచి అధికారుల్ని పంపడం మొదలుపెట్టారు. ఆ వర్గంలో ఉండాలంటే కనీసం 4,00,000 సెస్టర్సుల (రోమన్ నాణేలు) ఆస్తి ఉండాలి. అంటే పిలాతు డబ్బున్నవాడే గానీ రోములో అతని పేరు చెబితే లేచి నిలబడేవాళ్లెవరూ లేరు. అలా వచ్చినవాళ్లలో అతను అయిదోవాడు. క్రీ.శ. 26 నుంచి 36 దాకా ఉన్నాడు.

1961లో, పిలాతు నివాసమున్న సముద్రతీర పట్టణం కైసరయలో పాత రంగశాల తవ్వుతున్న ఇటలీ పురావస్తు బృందానికి ఒక సున్నపురాయి దొరికింది. తర్వాతి కాలంవాళ్లు దాన్ని మెట్టుగా వాడేసుకున్నారు. దానిమీద పిలాతు పేరు, తిబెరి చక్రవర్తి పేరిట కట్టిన ఒక కట్టడం ప్రస్తావన, యూదయ ప్రిఫెక్టు అన్న హోదా ఉన్నాయి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తర్వాతి కాలంలో రాస్తూ అతన్ని ప్రొక్యురేటర్ (ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి) అన్నాడు, చాలా నవలలు అదే పట్టుకున్నాయి. మీరు ప్రిఫెక్టు అనే రాయండి. అది సైనిక హోదా. ఆర్థిక లెక్కలు చూడటం, పన్నుల వసూలు, మరణశిక్ష వేసే అధికారం అన్నీ ఆ ఒక్కడి చేతిలోనే ఉండేవి. బ్రిటిష్ కాలపు కలెక్టరును ఊహించుకుని, అతనికే పటాలాన్ని కూడా అప్పగిస్తే దాదాపు పిలాతు అవుతాడు.

అయితే ఆ పటాలం చాలా చిన్నది. యూదయలో లెజియన్ లేదు. సినిమాల్లో చూసే పలకల కవచాల రోమన్ దళం పిలాతు దగ్గర లేదు. అతని చేతికింద ఉన్నది సహాయక దళాలు, మొత్తం సుమారు 3,000 మంది. వాళ్లలో ఎక్కువమందిని సెబస్తె, కైసరయ పట్టణాల్లోనే చేర్చుకునేవాళ్లు. సెబస్తె అంటే సమరయ ప్రాంతంలోని పాత షోమ్రోను పట్టణం. యూదులకూ ఆ ప్రాంతంవాళ్లకూ తరాల నుంచి పడదు. యేసు తలమీద ముళ్ల కిరీటం పెట్టి ఎగతాళి చేసినవాళ్లు రోము నుంచి దిగినవాళ్లు కాకుండా, పొరుగు ఊరివాళ్లే అయ్యుండే అవకాశం చాలా ఉంది. ఈ ఒక్క వివరం మీ నవలలో సైనికుల సన్నివేశాలన్నిటినీ మార్చేస్తుంది. వాళ్ల వెటకారంలో సామ్రాజ్య గర్వం కన్నా పాత పగ ఎక్కువ వినిపించాలి. అపొస్తలుల కార్యాల్లో కొర్నేలీ ఉన్న ఇటలీ పటాలం ప్రస్తావన వస్తుంది, దాన్ని పట్టుకుని అందరినీ ఇటలీవాళ్లని చేయకండి.

ఇక అతని మీద కూర్చున్నవాళ్లు. పెద్ద గొడవ వస్తే సిరియాలోని లెగేటు, అంటే చక్రవర్తి నియమించిన పెద్ద పాలకుడు, సైన్యంతో రావాలి. కానీ పిలాతు పదవిలోకి వచ్చిన తొలి ఏళ్లలో సిరియాకు నియమితుడైన లామియాను తిబెరి రోములోనే ఆపేశాడు. అదే సమయంలో తిబెరి తానేమో కాప్రి ద్వీపానికి వెళ్లిపోయి, వ్యవహారం చాలావరకు తన అంగరక్షక దళాధిపతి సెజానస్ చేతికి వదిలేశాడు. నవంబరు నుంచి మార్చి దాకా మధ్యధరా సముద్రంలో ఓడలు చాలావరకు ఆగిపోయేవి. ఒక ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. అడగడానికి దగ్గర్లో ఎవరూ లేరు, తప్పు జరిగితే లెక్క అడిగేవాళ్లు మాత్రం ఉన్నారు. అతని మనసులోని టెన్షన్ ఇక్కడే పుట్టింది. దాన్ని మీరు కల్పించాల్సిన పనే లేదు.

ఈ నేపథ్యంలో మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన జెండాల సంఘటన చూడండి. మీ నవలకు నేనైతే ఇక్కడే తలుపు తీస్తాను. పిలాతు చక్రవర్తి ప్రతిమలున్న సైనిక జెండాలను యెరూషలేములోకి రాత్రిపూట, కప్పి తెప్పించాడు. అంతకుముందు అధికారులు ప్రతిమలు లేని జెండాలతోనే ఊళ్లోకి వచ్చేవాళ్లు. తెల్లారాక జనం చూసి, గుంపులుగా కైసరయకు నడిచి వెళ్లారు. అది వంద కిలోమీటర్లకు పైనే. అతని ఇంటి చుట్టూ అయిదు పగళ్లు, అయిదు రాత్రులు నేలమీద పడి ఉన్నారు. ఆరో రోజు అతను న్యాయపీఠం మీద కూర్చుని, మాట్లాడదాం రమ్మని పిలిచి, సైనికుల్ని మూడు వరసలుగా చుట్టూ నిలబెట్టి, ప్రతిమలను ఒప్పుకోకపోతే నరికిస్తానన్నాడు. వాళ్లంతా ఒక్కసారిగా నేలమీద పడి మెడలు చాపారు. ధర్మశాస్త్రం మీరడం కన్నా చావే నయమన్నారు. పిలాతు జెండాలు వెనక్కి తెప్పించాడు.

ఇందులో పిలాతు మొత్తం ఉన్నాడు. రాత్రిపూట కప్పి తెప్పించాడంటే గొడవ అవుతుందని అతనికి తెలుసు. తెలిసీ చేశాడు. బెదిరిస్తే లొంగుతారనుకున్నాడు. లొంగకపోయేసరికి వేలమందిని చంపి ఆ సంగతి కాప్రికి ఎలా రాయాలో తెలియక ఆగిపోయాడు. దయవల్ల ఆగాడా, లెక్కవేసుకుని ఆగాడా? జోసీఫస్ మటుకు వాళ్ల భక్తి తీవ్రత చూసి ఆశ్చర్యపోయాడని రాశాడు. ఆ ఆశ్చర్యంలో గౌరవం ఎంత, అవమానం ఎంత అన్నది మీరు తేల్చుకోవాలి. నవలా రచయితకు చరిత్ర వదిలిన చోటు ఇలాంటిది.

తర్వాతి సంఘటనలో అతను పాఠం నేర్చుకున్నాడు, కానీ వేరే రకంగా. యెరూషలేముకు నీళ్లు తెచ్చే కాలువ కోసం దేవాలయపు కొర్బాను నిధిని, అంటే దేవుడికి అర్పించిన సొమ్మును, వాడాడు. జనం చుట్టుముట్టారు. ఈసారి సైనికులకు మామూలు బట్టలు వేయించి, దుస్తుల కింద కర్రలు దాపించి గుంపులో కలిపేశాడు. సైగ చేయగానే కొట్టడం మొదలైంది. దెబ్బలకు కొందరు, తొక్కిసలాటలో కొందరు చచ్చిపోయారు. మొదటిసారి బహిరంగంగా బెదిరించి ఓడిన మనిషి, రెండోసారి మారువేషం వాడాడు. ఈ రెండు సంఘటనల మధ్య అతను ఏం ఆలోచించాడో రాయగలిగితే మీకు పాత్ర దొరికినట్టే.

మూడోది అలెగ్జాండ్రియాలోని యూదు తత్వవేత్త ఫిలో చెప్పింది. యెరూషలేములోని హేరోదు భవనంలో పిలాతు బంగారు పూత డాళ్లు పెట్టించాడు. వాటిమీద బొమ్మలు లేవు, అక్షరాలే. అయినా హేరోదు కొడుకులు, పెద్దలు కలిసి తిబెరికి ఉత్తరం రాశారు. తిబెరి చీవాట్లు పెట్టి, వాటిని కైసరయలోని అగస్టు ఆలయానికి తరలించమన్నాడు. ఫిలో ఇదే చోట పిలాతును లంచగొండి, విచారణ లేకుండా చంపించేవాడు అని తిట్టిపోశాడు. ఒక్క జాగ్రత్త: తిబెరి తర్వాత వచ్చిన గయ (కలిగుల) చక్రవర్తి దేవాలయంలో తన విగ్రహం పెట్టించబోయినప్పుడు ఆపమని వేడుకునే సందర్భంలో ఫిలో ఇది రాశాడు. తిబెరి ఎంత మంచివాడో చూపడానికి పిలాతు చెడ్డవాడు కావాలి. అంతమాత్రాన సంఘటన అబద్ధమని కాదు, విశేషణాలను మాత్రం కొంచెం తగ్గించి చదవాలి.

ఇప్పుడు విచారణ రోజుకు రండి. యేసును కాపాడాలని చూసిన పిలాతు ఈ పిలాతేనా అని మీరడిగారు. ఆ ఉదయాన్ని ఇంతవరకు చెప్పిన పదవిలో పెట్టి చూడండి. పస్కా పండుగ. యాత్రికులతో ఊరు కిక్కిరిసి ఉంది. పిలాతు కైసరయ నుంచి వచ్చింది పూజకు కాదు, అల్లర్లు జరగకుండా చూడటానికి. రోమన్ అధికారులు తెల్లవారుజామునే పని మొదలుపెట్టేవాళ్లు. ఆ వేళకే ప్రధాన యాజకులు ఒక గలిలయవాడిని తెచ్చి, రాజునని చెప్పుకుంటున్నాడు, మరణశిక్ష వేయమంటున్నారు. వాళ్లు ఏదో దాస్తున్నారని పిలాతుకు వెంటనే తెలిసిపోతుంది. వాళ్లు అడిగినదానికి సరేననడం అతనికి ఇష్టం లేదు. డాళ్ల గొడవ అప్పటికే జరిగిందని మీరు పెట్టుకుంటే ఇంకా ఇష్టం ఉండదు. అతను వాళ్లను ఎదిరించడంలో యేసు మీద జాలి కన్నా, యాజకులకు లోకువ కాకూడదన్న పట్టుదల ఎక్కువ ఉండొచ్చు. అందుకే, ఇతన్ని వదిలితే నువ్వు కైసరుకు స్నేహితుడివి కావు అన్న మాట రాగానే యోహాను సువార్తలో కథ మలుపు తిరుగుతుంది. రాజద్రోహం కేసును వదిలేశాడన్న ఫిర్యాదు తిబెరి దగ్గరికి వెళితే ఏమవుతుందో అతనికి తెలుసు. మీరు శిలువ సంవత్సరాన్ని 33గా తీసుకుంటే సెజానస్ 31 అక్టోబరులో అప్పటికే చచ్చిపోయాడు, అతని మనుషుల్ని ఏరేశారు. 30గా తీసుకుంటే ఇంకా బతికే ఉన్నాడు. రెండు తేదీలకూ మద్దతు ఉంది. ఒకటి ఎంచుకుని మొదటి పేజీ నుంచీ దానికే కట్టుబడండి. పిలాతు సెజానస్ మనిషేనన్నది కొందరు పండితుల ఊహ, నవలలో వాడుకోవచ్చు.

ఆనాటి ప్రధాన యాజకుడు కయపను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నా దృష్టిలో ఈ కథలో పిలాతుకు అసలైన జోడు పాత్ర అతనే. ప్రధాన యాజకుణ్ణి వేసేదీ తీసేదీ రోమన్ అధికారే. పిలాతుకు ముందున్న గ్రాటస్ దాదాపు ఏడాదికొకర్ని మార్చి, చివరికి క్రీ.శ. 18 ప్రాంతంలో కయపను కూర్చోబెట్టాడు. పిలాతు ఉన్న పదేళ్లూ కయపే కొనసాగాడు. పిలాతు పోగానే అతనూ పోయాడు. ప్రధాన యాజకుడు పండుగలకు వేసుకునే పవిత్ర వస్త్రాలు కూడా దేవాలయం పక్కనున్న అంతోనియ కోటలో రోమన్ల స్వాధీనంలో ఉండేవి. పండుగ ముందు అడిగి తీసుకోవాలి, అయ్యాక తిరిగి అప్పగించాలి. ఆ వస్త్రాలు అప్పగించే సన్నివేశం ఒక్కటి శ్రద్ధగా రాయండి. ఒకరంటే ఒకరికి ఇష్టం లేకపోయినా ఒకరు లేకుండా ఒకరు బతకలేని ఇద్దరు మనుషులు అందులో కనిపిస్తారు. నాకు తెలిసిన ఒక రాతప్రతిలో రచయిత్రి ఈ వస్త్రాల కోసం వచ్చే ఆలయ సేవకుణ్ణి కథకుడిగా పెట్టింది. పిలాతు మనసులోకి నేరుగా దూరకుండా, అతన్ని గుమ్మం దగ్గర నుంచి చూసే కన్ను దొరికింది. మీరు కూడా ఒక దుబాసీనో గుమాస్తానో ఆలోచించండి. పిలాతు గ్రీకు మాట్లాడేవాడు, జనం అరమాయికు మాట్లాడేవాళ్లు. మధ్యలో మాట మార్చి చెప్పే మనిషి ఉండే అవకాశం ఎక్కువ, అతని పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

కల్పన హద్దు గురించి నేను పాటించే పద్ధతి ఇది. సువార్తల్లోగానీ జోసీఫస్, ఫిలోల్లోగానీ ఉన్నదాన్ని తలకిందులు చేయను. వాళ్లు మౌనంగా ఉన్నచోట ధైర్యంగా రాస్తాను. పిలాతు పుట్టిన ఊరు, బాల్యం, పిల్లలు ఏవీ నమోదు కాలేదు. అవన్నీ మీవి. భార్యకు కల వచ్చి కబురు పంపిందని మత్తయి చెప్పాడు, పేరు చెప్పలేదు. ప్రోక్ల అన్న పేరు తర్వాతి సంప్రదాయంలో వచ్చింది, క్లౌదియ ఇంకా తర్వాత చేరింది. ఆమెను రహస్య విశ్వాసిగా చేయడం ఇప్పటికే అరిగిపోయిన దారి. అధికారి భార్యగా కైసరయలో ఆమె రోజు ఎలా గడిచేదో రాస్తే కొత్తగా ఉంటుంది. బరబ్బను వదిలిన పండుగ ఆచారానికి సువార్తల బయట సాక్ష్యం లేదు, కాబట్టి దాన్ని సువార్త చెప్పినంతవరకే ఉంచండి, దానికి చట్టాలు అల్లకండి. లూకా 13లో పిలాతు కొందరు గలిలయవాళ్లను బలుల దగ్గరే చంపించాడన్న మాట ఒక్క వాక్యంలో ఉంది. గలిలయ హేరోదు అంతిప రాజ్యం. ఆ ఇద్దరికీ అంతకుముందు వైరం ఉండేదని, యేసు విచారణ రోజే స్నేహితులయ్యారని కూడా లూకాయే చెప్పాడు. ఈ రెంటినీ కలపడం నా ఊహ మాత్రమే, అయినా ఒక పూర్తి అధ్యాయానికి సరిపోతుంది.

చిన్న వివరాల దగ్గర పాఠకుడు నమ్మకం కోల్పోతాడు. గుర్రానికి రికాబులు పెట్టకండి, రోమన్లకు అవి లేవు. కాగితం లేదు. పపైరస్, మైనం పూసిన చెక్క పలకలు ఉన్నాయి. టమాటా, మిరపకాయ, బంగాళదుంప అమెరికా నుంచి ఎన్నో శతాబ్దాల తర్వాత వచ్చినవి. చెయ్యి చాచి చేసే రోమన్ వందనం 18వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళ వల్ల ప్రచారమైంది, పురాతన ఆధారాలు లేవు. పిలాతు రోజంతా టోగా (రోమన్ పౌరుల పొడుగాటి పైబట్ట) చుట్టుకుని తిరగడు. అతని విడిది అంతోనియ కోట అని చాలా కథల్లో చూశాను. పట్టణం పడమటి వైపున్న హేరోదు భవనమేనని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అతను ముద్రించిన చిన్న కంచు నాణేలు దొరికాయి, క్రీ.శ. 29 నుంచి 31 దాకావి. అంతకుముందు అధికారులు ఈతచెట్టు, ధాన్యపు కంకుల్లాంటి బొమ్మలు వేయించారు. ఇతను రోమన్ పూజారుల గరిటె, వంకీకర్ర వేయించాడు. చక్రవర్తి ముఖం మాత్రం వేయించలేదు. సంతలో ఆ నాణెం చేతిలోకి తీసుకున్న యూదు స్త్రీ ముఖం ఎలా ఉంటుందో ఆలోచించండి. తిబెరి ముఖమున్న వెండి దేనారాలు కావాలంటే మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కుండలో దొరికిన వాటి గురించి చదవండి. యేసు చేతికి తెచ్చిచ్చిన నాణెం ఆ రకందేనని ఎక్కువమంది నమ్ముతారు. మిరియాల వ్యాపారంలో దక్షిణ భారతానికి అవి కుప్పలుగా వచ్చాయి.

సంభాషణల భాష విషయంలో నా అభిప్రాయం గట్టిది. మన బైబిలు గ్రాంథికం చెవికి అలవాటైపోయి, పిలాతు చేత కూడా "నేను వ్రాసినదేమో వ్రాసితిని" అన్న ధాటిలోనే నవలంతా మాట్లాడిస్తారు. సువార్తలోని మాటల్ని ఆ నాలుగైదు చోట్ల యథాతథంగా ఉంచండి. మిగతాదంతా మామూలు వ్యావహారికంలో రాయండి. పిలాతు కిందివాళ్లతో పొట్టి వాక్యాల్లో, లెగేటుకు రాసే ఉత్తరాల్లో వినయంగా, భార్యతో అలసటగా మాట్లాడితే మూడు స్వరాలు వస్తాయి. అధికారులు చక్రవర్తికి ఎలా రాసేవాళ్లో తెలియాలంటే ప్లినీ అనే రోమన్ అధికారికీ ట్రాజన్ చక్రవర్తికీ మధ్య నడిచిన ఉత్తరాలు చదవండి. పిలాతు తర్వాత ఎనభై ఏళ్లనాటివి, కానీ ఆ భయభక్తులు, ప్రతి చిన్నదానికీ అనుమతి అడిగే తీరు అక్కడ కళ్లకు కట్టినట్టుంటాయి.

విశ్వాసుల మనసు గురించి. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో పిలాతు పేరు పలికేవాళ్లు మీ పాఠకులు. వాళ్లు పిలాతు గురించి కొత్తగా వినడానికి భయపడరు, నేను మాట్లాడిన సంఘాల్లో ఆసక్తే చూశాను. ఇతియోపియా సంఘం అతన్ని పరిశుద్ధుడిగానే స్మరించుకుంటుంది కూడా. యేసు నోట మీరు సొంత ఉపదేశాలు పెట్టకపోతే చాలావరకు ఇబ్బంది రాదు. నాకు అంతకన్నా బాధ కలిగించే విషయం వేరే ఉంది. దయచేసి "యూదులు" అని గుంపుగా రాయకండి. పిలాతును కడిగి తెల్లగా చేసిన కొద్దీ నేరమంతా ఒక జాతి మీదకు జారుతుంది. ఆ జారుడు వల్ల ఐరోపాలో శతాబ్దాల పాటు అమాయకులు చచ్చిపోయారు. యేసు యూదుడు, ఆయన కోసం ఏడ్చిన స్త్రీలు యూదులు, కైసరయలో మెడలు చాపినవాళ్లు యూదులు. ఆ ఉదయం అరిచింది ప్రేతోర్యం (పిలాతు విడిది) ముందు ఉన్న కొందరు. శిలువ శిక్ష రోముది, ఆజ్ఞ పిలాతుది.

చివరి అధ్యాయం ఎక్కడ ఆపాలో కూడా అడిగారు. 36లో గెరిజీము కొండ మీద మోషే దాచిన పవిత్ర పాత్రలు చూపిస్తానని ఒకడు సమరయుల్ని పోగేశాడు. పిలాతు సైన్యాన్ని పంపి చాలామందిని చంపించాడు, పట్టుబడినవాళ్లలో ముఖ్యులకు మరణశిక్ష వేశాడు. సమరయ పెద్దలు సిరియా లెగేటు విటెల్లియస్‌కు ఫిర్యాదు చేశారు. లామియాలా ఇతను దూరంలో లేడు. పిలాతును పదవి నుంచి దించి, రోముకు వెళ్లి చక్రవర్తికి జవాబు చెప్పుకోమన్నాడు. పిలాతు రోము చేరేలోపే, 37 మార్చి 16న తిబెరి చచ్చిపోయాడు. ఆ తర్వాత అతనేమయ్యాడన్న దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ఆత్మహత్య చేసుకున్నాడన్న మాట సంఘ చరిత్రకారుడు యూసేబియస్ నాలుగో శతాబ్దంలో రాసింది. నేనైతే ఆ కథల జోలికి పోకుండా ప్రయాణంలోనే ఆపుతాను. పదేళ్లలో ఏ తీర్పుకు లెక్క అడుగుతారోనని అతను మనసులో వెతుక్కుంటుంటే, గలిలయవాడి కేసు అతనికి గుర్తొస్తుందా రాదా అన్నది మీరు ముందుగా తేల్చుకోండి. మిగతా అధ్యాయాల్లో ఆ విచారణకు ఎన్ని పేజీలివ్వాలో దాన్నిబట్టే తెలుస్తుంది.